దెయ్యం మీద వెండి కత్తి పనిచేస్తుందా? టేబుల్‌టాప్ గేముల్లో సరైన ఆయుధం ఎంచుకోవడం ఎలా

వెండి కత్తి కొనేశాం కాబట్టి ఇక దెయ్యాల సంగతి చూసుకోవచ్చు అని ధీమాగా ఉండేవాళ్లు ప్రతి గ్రూపులోనూ ఒకరుంటారు. పాత్రలు ధరించి, పాచికలు వేసి ఆడే గేములు డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డి అండ్ డి) అయినా, పాత్‌ఫైండర్ అయినా చాలా వెర్షన్లలో వెండికీ, కోల్డ్ ఐరన్ అనే ప్రత్యేకమైన ఇనుముకీ, అడమంటైన్ అనే కల్పిత గట్టి లోహానికీ దెయ్యాలతో సంబంధమే లేదు. కథల ప్రభావం అనుకోండి, బాలింత తలగడ కింద ఇనప ముక్క పెట్టే మన ఇళ్ల అలవాటు అనుకోండి, ఇనుమంటే దెయ్యానికి భయం అన్న మాట మన బుర్రలో ముందే ఉంటుంది. రూల్ పుస్తకం మాత్రం ఆ మాట వినదు. అందుకే డబ్బు ఖర్చు పెట్టే ముందు ఈ కింద చెప్పినట్టు చేయండి.

అసలు విషయం ముందే చెప్పేస్తాను, మిగతాదంతా దీని మీదే నడుస్తుంది. ఈ గేముల్లో మీ దెబ్బ పడకపోవడానికి వేరు వేరు కారణాలు రెండున్నాయి. ఒకటి, ఒంటి గట్టిదనం: తోడేలు మనిషికి మామూలు ఉక్కు దిగదు, వెండి దిగుతుంది, డీమన్లకి కోల్డ్ ఐరన్ కావాలి, మంత్రంతో కదిలే బొమ్మలైన గోలెంలకి అడమంటైన్ కావాలి. రెండోది, అసలు ఒళ్లే లేకపోవడం. దీన్నే ఇన్‌కార్పోరియల్ అంటారు. ఇక్కడ కత్తి ఏ లోహంతో చేశారన్నది లెక్కలోకి రాదు, ఒళ్లు లేనిదాన్ని అది తాకగలదా లేదా అన్నదే లెక్క. ఒకే తలుపుకి రెండు తాళాలు ఉన్నట్టు, మొదటిదానికి లోహం తాళంచెవి, రెండోదానికి మ్యాజిక్. ఒకదాని చెవి రెండోదానికి పట్టదు.

మొదటి అడుగు: ఏ వెర్షన్ ఆడుతున్నారో తేల్చుకోండి

"డి అండ్ డి ఆడుతున్నాం" అంటే సరిపోదు. 2003లో వచ్చిన 3.5, 2014 నాటి ఫిఫ్త్ ఎడిషన్, దాన్నే సరిచేసి 2024 నుంచి తెచ్చిన కొత్త పుస్తకాలు, 2009 పాత్‌ఫైండర్, 2019 పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్, వీటన్నిటిలో దెయ్యం రూల్ వేరు వేరుగా ఉంటుంది. నెట్‌లో వెతికితే అన్నీ కలగాపులగంగా వస్తాయి. 3.5 గురించి ఎవరో రాసిన సలహా చదివి ఫిఫ్త్ ఎడిషన్ టేబుల్ దగ్గర వాదించడం వల్ల టైమ్ వేస్ట్ తప్ప ఏమీ ఉండదు. పుస్తకం అట్ట మీద ఏముందో చూడండి, లేదంటే గేమ్ మాస్టర్‌ని (ఆట నడిపేవాణ్ణి) అడగండి.

రెండో అడుగు: ఎదురుగా ఉన్నది ఏ రకం దెయ్యమో కనుక్కోండి

దెయ్యాలన్నీ ఒకటి కాదు. ఘోస్ట్, రెయిత్, స్పెక్టర్, షాడో, బాన్షీ, ఒక్కోదానికి ఒక్కో లైన్ రాసి ఉంటుంది. మీరు ప్లేయర్ అయితే మాన్‌స్టర్ పుస్తకం తెరిచి చదవడం మర్యాద కాదు. దానికో దారుంది: 3.5లోనూ మొదటి పాత్‌ఫైండర్‌లోనూ నాలెడ్జ్ రెలిజియన్ రోల్ (మీ పాత్రకి ఎంత తెలుసో పాచిక వేసి తేల్చడం) అడగండి, రెండో పాత్‌ఫైండర్‌లో రెలిజియన్ మీద రీకాల్ నాలెడ్జ్ అడగండి, ఫిఫ్త్ ఎడిషన్‌లో రెలిజియన్ చెక్ అడగండి. రోల్ బాగా పడితే "దీని గురించి ఏం తెలుసు?" అని ఊరికే అడగకండి. "మామూలు ఆయుధం దీన్ని తాకుతుందా? వెండికీ ఉక్కుకీ తేడా ఉందా?" అని సూటిగా అడగండి. గుండ్రంగా అడిగితే ఆ దెయ్యం పుట్టుపూర్వోత్తరాలన్నీ వింటారు, అసలు కావలసింది మిగిలిపోతుంది.

మూడో అడుగు: మీ వెర్షన్‌లో లెక్క వేసుకోండి

3.5తో మొదలుపెడదాం, ఎందుకంటే అన్నిట్లోకీ కఠినమైనది అదే. ఒళ్లు లేని ప్రాణికి మ్యాజిక్ లేని ఆయుధం అసలు తగలదు. తక్కువ తగలడం కాదు, సున్నా. మ్యాజిక్ ఆయుధం తగిలినా 50 శాతం అవకాశం ఉంటుంది, దెబ్బ దానిలోంచి దూసుకుపోవడానికి. ఈ బొమ్మా బొరుసూ లేకుండా తగిలేవి కొన్నే: మ్యాజిక్ మిసైల్ లాంటి ఫోర్స్ (శుద్ధ మంత్రశక్తి) స్పెల్స్, పాజిటివ్, నెగెటివ్ ఎనర్జీ (బతుకు, చావు శక్తులు), ఘోస్ట్ టచ్ అనే గుణం ఉన్న ఆయుధం.

ఒక రెయిత్‌నే తీసుకోండి. 3.5లో దానికి 32 హిట్ పాయింట్లు (ప్రాణం లెక్క). మీ ఫైటర్ బలం బోనస్ 3 అనుకుందాం. చేతిలో 3,000 జీపీ (బంగారు నాణేలు) అదనంగా పోసి కొన్న అడమంటైన్ లాంగ్‌స్వర్డ్ ఉంది, మ్యాజిక్ లేదు. డ్యామేజ్ సున్నా. 90 జీపీ అదనంగా పెట్టి వెండి పూత వేయించిన కత్తి ఉంది. అదీ సున్నానే. 2,315 జీపీల ప్లస్ వన్ లాంగ్‌స్వర్డ్ (అన్నిటికన్నా చిన్న మెట్టు మ్యాజిక్ కత్తి) ఉంటే సగటు దెబ్బ 8.5 (ఎనిమిది ముఖాల పాచిక సగటు 4.5, బలం 3, ప్లస్ వన్‌ది 1), కానీ సగం సార్లు గాల్లోకే పోతుంది కాబట్టి నికరంగా 4.25. అదే కత్తికి ఘోస్ట్ టచ్ వేయిస్తే పూర్తిగా 8.5 పడుతుంది, కాకపోతే ధర 8,315కి ఎక్కుతుంది. ఘోస్ట్ టచ్‌ని ప్లస్ వన్‌తో సమానంగా లెక్కేస్తారు, దాన్ని వేయించాలంటే ముందు ఆయుధానికి ప్లస్ వన్ ఉండి తీరాలి. అందుకే ఒక్క గుణానికి 6,000 తేడా వస్తుంది.

మరి లోహం ఎప్పుడూ పనికిరాదా అంటే, రెండు తాళాలూ ఒకేసారి పడ్డ చోట పనికొస్తుంది. పుట్టుకతో తోడేలు మనిషి అయినవాడు చచ్చి ఘోస్ట్ అయ్యాడనుకోండి. 3.5లో ఘోస్ట్ అనేది బతికున్న ప్రాణి మీద వేసే టెంప్లేట్ (అదనపు లెక్కల పొర) కాబట్టి, తోడేలు రూపంలో వాడికుండే డ్యామేజ్ రిడక్షన్ 10 (ప్రతి దెబ్బలోంచి 10 తగ్గించేది), వెండికి తప్ప దేనికీ లొంగనిది, అలాగే ఉంటుంది. ఇప్పుడు మన 8,315 జీపీల ఘోస్ట్ టచ్ ఉక్కు కత్తితో కొడితే దెబ్బ ప్రతిసారీ తగులుతుంది, కానీ 5 నుంచి 12 దాకా వచ్చే డ్యామేజ్‌లో 10 పోతుంది. 11 వస్తే 1, 12 వస్తే 2, మిగతా అన్నిటికీ సున్నా, సగటున 0.375. అదే ప్లస్ వన్ వెండి కత్తి అయితే వెండి వల్ల డ్యామేజ్ ఒకటి తగ్గి సగటు 7.5 అవుతుంది, సగం సార్లు తప్పిపోతుంది, అయినా నికరంగా 3.75 మిగులుతుంది. ఖరీదైన కత్తి కన్నా చవక కత్తి పది రెట్లు మేలు. ఇలాంటి శత్రువు రోజూ రాడు గానీ, లోహం సంగతీ దెయ్యం సంగతీ విడివిడిగా లెక్కేయాలని చూపించడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

మొదటి పాత్‌ఫైండర్‌లో బొమ్మా బొరుసూ తీసేశారు. మ్యాజిక్ లేని ఆయుధం ఇక్కడా తగలదు, మ్యాజిక్ ఆయుధం తగిలితే మాత్రం ఖాయంగా సగం డ్యామేజ్ పడుతుంది. సగటు చూస్తే దాదాపు అంతే, టెన్షన్ తక్కువ. రోగ్ (దొంగ పాత్ర) ఆడేవాళ్లు మాత్రం జాగ్రత్త: ఒళ్లు లేని ప్రాణికి స్నీక్ అటాక్ (దొంగదెబ్బ) గానీ క్రిటికల్ హిట్ (డ్యామేజ్ పెరిగే గురి దెబ్బ) గానీ పనిచేయవు, ఆయుధానికి ఘోస్ట్ టచ్ ఉంటే తప్ప. అంటే ఈ గేమ్‌లో ఘోస్ట్ టచ్ వల్ల ఫైటర్ కన్నా రోగ్‌కే ఎక్కువ లాభం. పార్టీలో ఒక్కటే కొనగలిగితే ఎవరి చేతిలో పెట్టాలో ఆలోచించుకోండి, గట్టిగా అడిగేవాడు ఎలాగూ ఫైటరే అవుతాడు.

రెండో పాత్‌ఫైండర్ పద్ధతి నాకు అన్నిట్లోకీ నచ్చినది. ఇక్కడ దెయ్యానికి అన్ని రకాల డ్యామేజ్ మీదా రెసిస్టెన్స్ ఉంటుంది (దెబ్బలోంచి అంత తీసేస్తారు), మ్యాజిక్ లేని దెబ్బల మీద అది రెట్టింపవుతుంది, ఫోర్స్, ఘోస్ట్ టచ్ లాంటి కొన్నిటికి మాత్రం మినహాయింపు. నాలుగో లెవెల్ ఘోస్ట్ కామనర్‌కి 30 హిట్ పాయింట్లు, రెసిస్టెన్స్ 5. బలం 4 ఉన్నవాడు మామూలు లాంగ్‌స్వర్డ్‌తో కొడితే రెసిస్టెన్స్ 10 అయి కూర్చుంటుంది, దాదాపు ఏమీ పడదు. ఆ కత్తి వెండిదైనా అంతే, రూన్ (ఆయుధం మీద చెక్కే మంత్రాక్షరం) లేని వెండి కత్తి మ్యాజిక్ లేని కత్తి కిందే లెక్క. 35 జీపీల ప్లస్ వన్ రూన్ చెక్కిస్తే సగటు 8.5లో 5 పోను 3.5 పడుతుంది. ఇక్కడే అసలు ప్రశ్న వస్తుంది: తర్వాతి డబ్బు 65 జీపీల స్ట్రైకింగ్ రూన్ మీద పెట్టాలా, 75 జీపీల ఘోస్ట్ టచ్ మీద పెట్టాలా? స్ట్రైకింగ్ అయితే రెండు డైస్ వేస్తారు కాబట్టి 13, అందులో 5 పోను 8. ఘోస్ట్ టచ్ అయితే ఒక్క డైస్సే, కానీ కోత లేదు కాబట్టి 8.5. దాదాపు సమానం! స్ట్రైకింగ్ అన్ని శత్రువుల మీదా పనికొస్తుంది కాబట్టి ముందు అదే చెక్కించండి, దెయ్యాల కొంప అని తెలిశాక ఘోస్ట్ టచ్ చేర్చండి. అప్పుడు పూర్తి 13.

ఇదే గేమ్‌లో చాలామంది పట్టించుకోని సంగతి ఇంకోటుంది. అన్ని రకాల మీదా ఉన్న రెసిస్టెన్స్‌ని ఒక్కో డ్యామేజ్ రకానికీ విడిగా తీసేస్తారు. కత్తి దెబ్బ 7, దాంతోపాటు మంట 4 పడితే, రెసిస్టెన్స్ 5 అయినప్పుడు కత్తిది 2 మిగులుతుంది, మంట మొత్తం పోతుంది. కాబట్టి దెయ్యాల మీదికి మంటలూ మెరుపులూ చిన్న చిన్న తునకలుగా అంటించుకుని వెళ్లడం బూడిదలో పోసిన పన్నీరే. ఒకే రకం డ్యామేజ్, పెద్దది, అదే కావాలి.

ఇక ఫిఫ్త్ ఎడిషన్. 2014 పుస్తకాల ప్రకారం మ్యాజిక్ లేని ఆయుధం కూడా దెయ్యానికి తగులుతుంది, సగం డ్యామేజ్ పడుతుంది, అంతే. మ్యాజిక్ ఆయుధం అయితే పూర్తిగా పడుతుంది. వెండి మాటేమిటి? ఘోస్ట్, స్పెక్టర్, షాడో, బాన్షీ, వీటి మీద వెండికి ఏ విలువా లేదు. రెయిత్ మీద మాత్రం ఉంది! దాని రెసిస్టెన్స్ లైన్‌లో (ఏ దెబ్బలు సగమవుతాయో చెప్పే లైన్) వెండి పూత లేని మామూలు ఆయుధాలు అని స్పష్టంగా రాశారు. 8 డ్యామేజ్ కొట్టారనుకోండి, వెండి కత్తి అయితే రెయిత్‌కి 8 పడుతుంది, అదే దెబ్బ స్పెక్టర్‌కి 4 పడుతుంది. "నిన్న పనిచేసింది కదా, ఇవాళ ఎందుకు చేయలేదు" అన్న గొడవకి మూలం సాధారణంగా ఇదే.

పాలడిన్ (దైవబలం ఉన్న యోధుడు) ఆడేవాళ్లకి 2014 రూల్స్‌లో ఈ తలనొప్పి తక్కువ. డివైన్ స్మైట్ అనే దైవ దెబ్బ ఇచ్చే రేడియంట్ (దివ్య కాంతి) డ్యామేజ్‌ని ఈ దెయ్యాలేవీ ఆపలేవు, కత్తి దెబ్బ సగమైనా స్మైట్ పూర్తిగా పడుతుంది, షాడోకైతే రెట్టింపు.

2024 తర్వాతి పుస్తకాలు వాడుతుంటే పైదంతా మర్చిపోండి. కొత్త మాన్‌స్టర్ మాన్యువల్‌లో మ్యాజిక్ ఆయుధం, మామూలు ఆయుధం అన్న తేడానే తీసేశారు. దెయ్యం నరికే, పొడిచే, మోదే దెబ్బలన్నిటినీ సగం చేస్తుంది, కత్తి ప్లస్ త్రీ అయినా సరే. కాబట్టి ఇక్కడ లోహం గురించీ, కత్తి మీది మ్యాజిక్ గురించీ ఆలోచించడం మానేసి డ్యామేజ్ రకం మార్చే దారి వెతకండి: ట్రూ స్ట్రైక్ అనే చిన్న మంత్రంతో (క్యాంట్రిప్) ఆయుధం దెబ్బని రేడియంట్ చేయొచ్చు, ఆరో లెవెల్ మాంక్ గుద్దుల్ని ఫోర్స్ చేయొచ్చు, వార్లాక్‌కి ఎలాగూ ఫోర్స్ డ్యామేజ్ ఇచ్చే ఎల్డ్రిచ్ బ్లాస్ట్ ఉంది.

నాలుగో అడుగు: చవకగా ఎలా బయటపడాలి

చేతిలో పెద్ద డబ్బు లేకపోయినా దారులున్నాయి. 3.5లోనూ మొదటి పాత్‌ఫైండర్‌లోనూ ఆయిల్ ఆఫ్ మ్యాజిక్ వెపన్ 50 జీపీకి దొరుకుతుంది, రాసుకుంటే కత్తి ఒక నిమిషం పాటు, అంటే పది రౌండ్లు, ప్లస్ వన్ అవుతుంది. 50 జీపీల నూనె 3,000 జీపీల అడమంటైన్ చేయలేని పని చేస్తుంది. ప్రతి ఒక్కరి సంచిలో రెండు సీసాలు ఉండాలి అంటాను, చేతులు కాలాక ఆకులు పట్టుకునే బదులు. మొదటి పాత్‌ఫైండర్‌లో ఘోస్ట్ సాల్ట్ అనే పొడి కూడా ఉంది. ఆయుధం మీద వేసి వేడి చేస్తే అంటుకుంటుంది, మొదటి దెబ్బ తగిలేదాకా ఉంటుంది, బాణాలకైతే ఒక మోతాదు పదింటికి సరిపోతుంది. కత్తికి రాస్తే ఒక్క దెబ్బతో అయిపోతుంది కాబట్టి బాణాలకే వాడండి.

హోలీ వాటర్ గురించి ఒక మెలిక. 3.5లో సీసా 25 జీపీ, 2డి4 (నాలుగు ముఖాల పాచికలు రెండు) డ్యామేజ్, మ్యాజిక్ కాకపోయినా ఒళ్లు లేని అన్‌డెడ్ (చచ్చాక తిరిగేవి) మీద పనిచేస్తుంది. కానీ విసిరితే పగలడానికి అవతల ఒళ్లు ఉండాలి కదా! అందుకే పక్కనే నిలబడి, మూత తీసి, దాని మీద పోయాలి. రెయిత్ ముట్టుకుంటే కాన్‌స్టిట్యూషన్ (ఒంటి సత్తువ) పోతుందని గుర్తుపెట్టుకుని, పోసేవాడు ఎవరో ముందే తేల్చుకోండి.

2014 ఫిఫ్త్ ఎడిషన్‌లో మూన్‌టచ్డ్ స్వోర్డ్ అని ఒక సాదా మ్యాజిక్ కత్తి ఉంది. చీకట్లో వెన్నెలలా వెలగడం తప్ప దానికి ఇంకే గొప్పా లేదు, ప్లస్ కూడా లేదు. అయినా అది మ్యాజిక్ ఆయుధమే కాబట్టి ఘోస్ట్, స్పెక్టర్, రెయిత్, తోడేలు మనిషి అందరికీ పూర్తిగా తగులుతుంది. వెండి పూతకి 100 జీపీ పోసే ముందు మీ గేమ్ మాస్టర్ లోకంలో ఈ కత్తి అమ్ముతారేమో అడగండి. అమ్మకపోతే మ్యాజిక్ వెపన్ స్పెల్ ఉంది, గంట దాకా ఉంటుంది, వేసినవాడి కాన్సంట్రేషన్ పోకుండా చూసుకోవాలి.

రెండో పాత్‌ఫైండర్‌లో రూన్‌ని ఒక ఆయుధం నుంచి ఇంకోదానికి మార్చుకోవచ్చు, ఖర్చు రూన్ ధరలో పదో వంతు. అంటే గ్రూపులో ఒక్క ఘోస్ట్ టచ్ రూన్ ఉన్నా, అవసరాన్ని బట్టి చేతులు మార్చుకోవచ్చు.

ఐదో అడుగు: కొట్లాటలో ఇవి గుర్తుంచుకోండి

ఘోస్ట్ టచ్ ఆయుధాన్ని కింద పడేయకండి. అది ఒళ్లు లేనివాటిని తాకుతుంది అంటే ఒళ్లు లేనివి కూడా దాన్ని తాకగలవని అర్థం. 3.5లోనూ రెండో పాత్‌ఫైండర్‌లోనూ దెయ్యం దాన్ని ఎంచక్కా ఎత్తుకుపోవచ్చు. పార్టీలో ఒకరు స్పృహ తప్పి పడితే ముందు ఆయన కత్తి తీసి పక్కన పెట్టుకోండి, తర్వాత ఆయన్ని చూసుకోవచ్చు. నవ్వులాటకి అనట్లేదు.

దెయ్యం గోడలో దాక్కుని కొడుతుంటే అడమంటైన్‌తో గోడ పగలగొట్టాలనిపిస్తుంది. వద్దు. 3.5లో అది బయటున్నవాడిని కొట్టేటప్పుడు దానికి కొంత చాటు (కవర్) మాత్రమే ఉంటుంది, కాబట్టి మీ యాక్షన్‌ని రెడీ చేసి పెట్టుకుని అది కొట్టిన క్షణంలో తిరిగి కొట్టండి. మీ ఉక్కు కవచం దాని చేతిని ఆపదని కూడా తెలుసుకోండి. మేజ్ ఆర్మర్ అనే స్పెల్ ఆపుతుంది, ఎందుకంటే అది ఫోర్స్.

గేమ్ మాస్టర్లకి ఒక మాట

వెండి అంటే దెయ్యం భయపడాలి, అప్పుడే మజా అని మీ టేబుల్ అంతా కోరుకుంటే రూల్ మార్చుకోండి, తప్పులేదు. కానీ వెండికి ఘోస్ట్ టచ్ మొత్తం అప్పజెప్పకండి. 90 జీపీతో 6,000 జీపీల పని అయిపోతే ఆ గుణం ఇంకెవరూ కొనరు. పాత డి అండ్ డిలోనే దీనికి మంచి మధ్యేమార్గం ఉంది. 1981 నాటి బేసిక్, ఎక్స్‌పర్ట్ రూల్స్‌లో రెయిత్‌కి వెండి తగులుతుంది గానీ సగం డ్యామేజే పడుతుంది, దానికన్నా పై మెట్టు మీదున్న స్పెక్టర్‌కి వెండి అసలు తగలదు. మీరూ అలాగే చిన్న దెయ్యాలకి వెండిని సగానికి పనిచేయనిచ్చి, పెద్దవాటికి మ్యాజిక్ ఉండాల్సిందే అనండి. ఏ మార్పు చేసినా షాపింగ్‌కి ముందే చెప్పండి, కొట్లాట మధ్యలో కాదు. క్రానికల్స్ ఆఫ్ డార్క్‌నెస్ అనే ఇంకో గేమ్ పద్ధతి ఇంకా బాగుంటుంది, ఒక్కో దెయ్యానికీ దానికి మాత్రమే పడని వస్తువు ఒకటి పెడతారు. అది కనుక్కోవడమే సగం కథ అవుతుంది.

చివరిగా, ఎదురుగా ఉన్నది రెయిత్, స్పెక్టర్, షాడో అయితే ఆయుధం మీద ఖర్చు పెట్టండి, చంపితే చస్తాయి. పేరూ ఊరూ ఉన్న ఘోస్ట్ అయితే మాత్రం కాస్త ఆగండి. 3.5లో దాన్ని నాశనం చేసినా 2డి4 రోజుల్లో మళ్లీ లేచి రావడానికి ఒక రోల్ ఉంటుంది, ఇరవై ముఖాల పాచికకి (1డి20) దాని హిట్ డైస్ సంఖ్య కలిపి 16 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే చాలు. రెండో పాత్‌ఫైండర్ ఘోస్ట్‌కి కూడా రీజువనేషన్ (మళ్లీ లేచి వచ్చే గుణం) ఉంది. ఏ తీరని పని వల్ల అది అక్కడ తిరుగుతోందో ఊళ్లో అడిగి తెలుసుకోండి, ఘోస్ట్ టచ్ కొనాలా వద్దా అన్నది ఆ తర్వాత చూసుకోవచ్చు.